వల అల్లిక: వైట్ టౌన్ వీధులలో ఒక నెట్‌వర్క్ పాఠం

వల అన్న మాట వినగానే తీరప్రాంతపు వారికి ముందుగా గుర్తుకు వచ్చేది చేపల వల. అందులో ఏ కన్నుకు ఆ కన్ను చిన్నదే. అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినప్పుడే దానికి వల అన్న పేరు, చేపను పట్టే శక్తి కలుగుతాయి. కంప్యూటర్ల విషయం కూడా ఇంతే. ఒంటరిగా ఉన్న కంప్యూటర్ మంచి గుమాస్తా వంటిది. తన బల్ల మీది పని తాను చేసుకుపోతుంది. నాలుగు కంప్యూటర్లు కలిసినప్పుడే అది కార్యాలయమవుతుంది. ఈ కలయికనే నెట్‌వర్క్ అంటున్నాము.

నేడు మన సంస్థలో జీతాల లెక్కల నుండి స్టోర్సు ఇండెంట్ల వరకు, మన ఇళ్ళలో పిల్లల చదువు నుండి కరెంటు బిల్లు చెల్లింపు వరకు అన్నీ నెట్‌వర్క్ మీదనే నడుస్తున్నవి. అయినను ఆ తీగలు ఎక్కడి నుండి ఎక్కడికి పోతున్నవో, ఎందుకు అలా అమర్చబడినవో తెలిసినవారు మనలో తక్కువ. ఇటీవల ఎల్.టి.సి. మీద కుటుంబ సమేతంగా పుదుచ్చేరి వెళ్ళినప్పుడు, అక్కడి వైట్ టౌన్‌లో నడుస్తూ ఉండగా మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "ఇంటర్నెట్ గాలిలోనే వస్తుంది కదా నాన్నగారూ, మరి ఈ వీధులన్నీ తవ్వి తీగలు వేయడం ఎందుకు?" ఆ ప్రశ్నకు సమాధానం చెప్పబోయి, చుట్టూ ఉన్న వీధులనే ఉదాహరణగా తీసుకున్నాము. ఆ సంభాషణయే ఈ వ్యాసానికి మూలం.

వైఫై అనేది ఆఖరి నాలుగు అడుగులు మాత్రమే. మన చేతిలోని ఫోను నుండి గోడకు తగిలించిన పెట్టె వరకు సమాచారం రేడియో తరంగంగా పోతుంది. ఆ పెట్టె దాటిన తరువాత ప్రయాణంలో అత్యధిక భాగం రాగి తీగలోనో, వెంట్రుక కంటె సన్నని గాజు నూలులోనో సాగవలసినదే. కావున నెట్‌వర్క్‌ను తెలుసుకోవడమంటే ముందుగా దాని భౌతిక అమరికను తెలుసుకోవడం.

దుమా వీధి: ఒకే దారి, అందరికీ

వైట్ టౌన్ వీధులు తిన్ననివి. కొన్ని సముద్రతీరానికి సమాంతరంగా ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. మరికొన్ని వాటిని అడ్డంగా, లంబకోణంలో ఖండిస్తాయి. పడమటి వైపు ఒక కాలువ ఈ భాగాన్ని తమిళుల పేట నుండి వేరుచేస్తున్నది. 1761లో ఆంగ్లేయులు ఈ పట్టణాన్ని నేలమట్టం చేశారు. 1765 తరువాత ఫ్రెంచివారు తిరిగి కట్టుకున్నప్పుడు పాత వీధుల గళ్ళనే చాలావరకు నిలుపుకున్నారు. గోడలు పోయినా దారులు మిగిలినవన్నమాట. నెట్‌వర్క్ నిర్మించేవారు గుర్తుంచుకోదగిన విషయమిది: యంత్రాలు మారుతూ ఉంటాయి, ఒకసారి వేసిన దారి మాత్రం చిరకాలం నిలుస్తుంది.

ఆ వీధులలో దుమా వీధిని తీసుకుందాము. ఒక తిన్నని వీధి, దానికి ఇరువైపులా ఇళ్ళు. ప్రతి ఇంటివారూ ఆ వీధిలోకే రావాలి. తొలినాటి కంప్యూటర్ నెట్‌వర్కులు ఇలాగే ఉండేవి. ఒక పొడుగాటి కేబుల్ వేసి, దానికి వరుసగా కంప్యూటర్లను తగిలించేవారు. దీనికి బస్ అమరిక అని పేరు. 1973లో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్, ఆయన సహచరులు రూపొందించిన ఇథర్‌నెట్ ఈ పద్ధతి మీదనే మొదలయింది. అందులో మాట్లాడే మర్యాద మన గ్రామసభ మర్యాద వంటిదే: ఎవరైనా మాట్లాడుతూ ఉంటే ఆగాలి, ఇద్దరు ఒక్కసారి నోరు తెరిస్తే ఇద్దరూ ఆగి, కొంతసేపటికి మరల ప్రయత్నించాలి.

సన్నని కేబుల్ మీద నడిచే ఇథర్‌నెట్‌లో ఒక్కొక్క ముక్క 185 మీటర్లకు మించరాదు, దానికి 30 కంటె ఎక్కువ కంప్యూటర్లు తగిలించరాదు. రెండు చివరలా 50 ఓముల చిన్న బిరడా బిగించాలి. లేనిచో సంకేతం చివర తగిలి, ప్రతిధ్వని వలె వెనుకకు మళ్ళుతుంది.

ఈ అమరిక చౌక. కాని వీధిలో ఒక చెట్టు పడితే ఆ వీధి అంతటికీ రాకపోకలు ఆగినట్లు, కేబుల్ ఒకచోట తెగితే అందరికీ తెగినట్లే. చాలా సంవత్సరాల క్రిందట మేము పనిచేసిన ఒక కార్యాలయంలో జీతాల బిల్లులు తయారగు రోజున, వెలుతురు కోసమని మా బల్లను కిటికీ వైపు జరిపాము. వెనుక ఉన్న కనెక్టర్ ఊడినట్లు మేము గమనించలేదు. హాలులోని కంప్యూటర్లన్నీ ఆగిపోయినవి. మధ్యాహ్నం వరకు ఒక్కొక్క బల్ల వెనుక వంగి వెదికి, చివరకు మా బల్ల వద్దనే దోషాన్ని పట్టుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అయినను ఆ సాయంత్రం మేము తలెత్తి నడవలేకపోయాము. ఒకరి బల్ల కదిలితే అందరి పని ఆగకూడదు అన్న సూత్రాన్ని ఆనాడే నేర్చుకున్నాము.

ఆయి మండపం: నడుమ ఒక కేంద్రం

వైట్ టౌన్ నడుమ భారతి పార్కు ఉన్నది. దాని మధ్యన తెల్లని ఆయి మండపం. ఏ ద్వారం నుండి లోపలికి వచ్చినా నడకదారులు ఆ మండపం వద్దకే చేరుతాయి. దీని వెనుక ఒక జనశ్రుతి కలదు. శ్రీకృష్ణదేవరాయలు ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు, దీపాలతో వెలిగిపోతున్న ఒక భవనాన్ని దేవాలయమనుకొని నమస్కరించాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి, ఆగ్రహించి పడగొట్టమన్నాడట. ఆమె రాజాజ్ఞకు తలవంచి, తన ఇంటిని తానే తీయించి, ఆ స్థలంలో ప్రజల కోసం చెరువు త్రవ్వించిందట. పిమ్మట 19వ శతాబ్దంలో, మూడవ నెపోలియన్ కాలంలో, ముత్తిరపాళయం నుండి పట్టణానికి మంచినీరు తెచ్చిన సందర్భంలో ఆమె పేరున ఈ మండపాన్ని కట్టించారు.

నీళ్ళ సరఫరాకు స్మారకమైన ఈ మండపం రెండవ అమరికకు చక్కని ఉదాహరణ. దీనిని నక్షత్రపు అమరిక అంటారు. నడుమ ఒక పెట్టె. దాని నుండి ప్రతి కంప్యూటరుకు వేరువేరుగా ఒక తీగ. నేడు మన కార్యాలయాలలోను, ఇళ్ళలోను ఉన్నది ఇదే. 1990లో మెలిపెట్టిన రాగి తీగల మీద ఇథర్‌నెట్‌కు ప్రమాణం వచ్చిన తరువాత ఇది విస్తరించినది. నీలి కేబుల్ కొనను మనం చూసే ఉంటాము; లోపల 8 తీగలు, నాలుగు జంటలుగా మెలిపెట్టి ఉంటాయి. ఆ మెలిక అందం కోసం కాదు. ప్రక్కనున్న తీగల నుండి వచ్చే విద్యుత్ అలజడి జంటలోని రెండు తీగలమీదా సమానంగా పడి, అవతలి కొనన ఒకదానితో ఒకటి కొట్టివేయబడుతుంది.

నడుమ ఉండే పెట్టె మొదట్లో హబ్, ఇప్పుడు స్విచ్. హబ్ తనకు వచ్చిన మాటను అందరికీ వినిపించే టముకువాడు. స్విచ్ చిరునామా చూసి సరియైన గుమ్మంలో మాత్రమే వేసే పోస్ట్‌మన్. అందువలన స్విచ్ ఉన్నచోట రద్దీ తక్కువ, వేగం ఎక్కువ.

ఈ అమరికలో ఒక తీగ తెగితే ఒక్కరికే ఇబ్బంది. మా బల్ల జరిపితే మా పని మాత్రమే ఆగుతుంది. కాని నడుమనున్న పెట్టెకే కరెంటు పోతే అందరూ ఆగవలసినదే. ప్రతి అమరికలోను ఒక మెత్తని చోటు ఉంటుంది. అది ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడమే అసలైన విజ్ఞానం.

నాలుగు సాలైలు: వలయం

పాత పుదుచ్చేరిని చుట్టి ఒకప్పుడు కోటగోడ ఉండేది. ఆ వరుసలోనే నేడు బులెవార్డులు ఉన్నవి. తూర్పున గుబేర్ అవెన్యూ, దక్షిణాన సుబ్బయ్య సాలై, పడమర అన్నా సాలై, ఉత్తరాన సర్దార్ వల్లభాయ్ పటేల్ సాలై కలిసి కోడిగ్రుడ్డు ఆకారంలో పట్టణాన్ని చుట్టి వస్తాయి. ఇది వలయపు అమరిక.

1985లో ఐ.బి.ఎం. సంస్థ టోకెన్ రింగ్ అనే పద్ధతిని విపణిలోకి తెచ్చినది. సింగిల్ లైన్ రైలు మార్గంలో డ్రైవరు చేతికి టోకెన్ ఇచ్చిన తరువాతనే బండి కదలడం మనలో పెద్దవారు చూసే ఉంటారు. ఒకే టోకెన్ కనుక ఎదురెదురుగా రెండు బండ్లు రావు. టోకెన్ రింగ్‌లోనూ ఇదే న్యాయం. వలయంలో తిరుగుతున్న టోకెన్ ఎవరి వద్దకు వస్తే వారే మాట్లాడాలి.

కార్యాలయాలలో టోకెన్ రింగ్ కాలం ముగిసినది. వలయం మాత్రం ముగియలేదు. టెలికాం సంస్థలు నగరాల మధ్య ఫైబర్ కేబులును వలయంగా వేయడానికి ఎక్కువగా ఇష్టపడతాయి. గుబేర్ అవెన్యూలో సాయంత్రం వాహనాలు ఆపివేసినప్పుడు బండివాడు పడమటి వైపు నుండి తిరిగి వస్తున్నాడు కదా! అట్లే ఒకచోట కేబుల్ తెగితే సమాచారం రెండవ దిక్కున చుట్టి చేరుతుంది.

గళ్ళ వీధులు: జాలం

ఇక పూర్తి పట్టణాన్ని చూద్దాము. సుఫ్రెన్ వీధిలో తవ్వకం జరుగుతుంటే రొమే రొలాఁ వీధిలోంచి పోవచ్చు. అదీ కాకపోతే ఇంకొక సందు. ఇలా అనేక దారులు ఉండే అమరికను జాలం అంటాము. ప్రతి కంప్యూటరునూ ప్రతి కంప్యూటరుతో నేరుగా కలిపితే అది పరిపూర్ణ జాలం. భద్రతలో దీనికి సాటి లేదు, ఖర్చులోనూ లేదు. 4 కంప్యూటర్లకు 6 తీగలు చాలును, 10కి 45 కావాలి, 50కి 1,225. అందుచేత ముఖ్యమైన కూడళ్ళను మాత్రమే పలుదారులతో కలుపుతారు. ఇంటర్నెట్ ఇటువంటి పాక్షిక జాలమే.

ఈ దారులలో సమాచారం ఒకే మూటగా పోదు. ఒక పెద్ద గ్రంథాన్ని వందలాది కార్డులుగా విడదీసి, ప్రతి కార్డు మీద చిరునామా, వరుస సంఖ్య వ్రాసి పోస్టు చేసినట్లు పోతుంది. ఆ కార్డులే ప్యాకెట్లు. కూడలిలో నిలిచి, ఏ దారి బాగున్నదో చూసి పంపే యంత్రం రూటర్. కార్డులు ముందువెనుకలుగా చేరినా, అవతలి కంప్యూటర్ సంఖ్యలు చూసి సర్దుకుంటుంది. ఒకటి తప్పిపోతే మరల అడిగి తెప్పించుకుంటుంది.

యానాం పిన్ కోడ్ చెప్పే రహస్యం

ఒక గదిలోనో, ఒక భవనంలోనో ఉండే నెట్‌వర్క్‌ను లాన్ అంటారు. దూరప్రాంతాలను కలిపేది వాన్. వాన్ అంటే ఏమిటో చెప్పడానికి పుదుచ్చేరి కంటె మంచి ఉదాహరణ దొరకదు. ఈ కేంద్రపాలిత ప్రాంతంలో నాలుగు భాగాలున్నవి: పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, మన తెలుగు యానాం. ఒకదానికొకటి ఎక్కడా ఆనుకొని లేవు. మాహే పశ్చిమ తీరంలో కేరళ నడుమ ఉన్నది. యానాం గోదావరి ఒడ్డున, పుదుచ్చేరికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది. 1954 నవంబరు 1న ఈ నాలుగింటి పాలన ఫ్రెంచివారి నుండి భారతదేశానికి వచ్చినది. నాటి నుండి ఇతర రాష్ట్రాల నేల మీదుగా తంతి, టెలిఫోను, కంప్యూటర్ల ద్వారా ఈ నాలుగూ ఒకే పాలనలో నడుస్తున్నవి.

ఇక్కడ ఒక చిత్రం గమనించండి. పుదుచ్చేరి పిన్ కోడ్ 605001. యానాం పిన్ కోడ్ 533464. పాలన పుదుచ్చేరిది, పిన్ కోడ్ గోదావరి జిల్లాలది! ఎందుచేత? ఉత్తరానికి కావలసినది ఎవరు పాలిస్తున్నారన్నది కాదు. ఏ దారిన చేరుతుందన్నది. నెట్‌వర్క్‌లోనూ ఈ భేదం ఉన్నది. తీగలు కంటికి కనిపించే తీరు భౌతిక అమరిక. సమాచారం నడిచే క్రమం తార్కిక అమరిక. ఐ.పి. చిరునామా కూడా పిన్ కోడ్ వంటిదే. 0 నుండి 255 లోపు నాలుగు సంఖ్యలు చుక్కలతో విడదీసి వ్రాస్తారు. రూటర్ ముందు భాగం చూసి దిక్కు నిర్ణయిస్తుంది. చివరి భాగాన్ని చేరవలసిన చోటివారు చూసుకుంటారు.

వాన్ సముద్రం అడుగున కూడా సాగుతుంది. మేము నిలుచున్న తీరానికి ఎదురుగా, బంగాళాఖాతపు అడుగున, చెన్నై నుండి అండమాన్ నికోబార్ దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల ఫైబర్ కేబుల్ ఉన్నది. ప్రభుత్వ రంగ సంస్థయైన బి.ఎస్.ఎన్.ఎల్. వేసిన ఈ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయినది. సోదర సంస్థ చేసిన ఈ పని మనకూ గర్వకారణం.

చివరి కన్ను

ఇంతవరకు చెప్పినది యంత్రాల మాట. ఇక మనుషుల మాట.

1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ పుదుచ్చేరి పల్లెలలో విజ్ఞాన కేంద్రాలను ప్రారంభించినది. పట్టణానికి పడమర ఉన్న విల్లియనూరు వీటికి కేంద్రం. అక్కడ టెలిఫోను ద్వారా ఇంటర్నెట్ ఉండేది. అక్కడి నుండి పల్లెలకు తీగలు లేని చోట వి.హెచ్.ఎఫ్. రేడియోల ద్వారా సమాచారం పంపేవారు. కరెంటు నమ్మకం లేనిచోట సౌరశక్తి పలకలు ఉండేవి. అనగా ఆకాశంలో అల్లిన నక్షత్రపు అమరిక. మత్స్యకారుల గ్రామమైన వీరాంపట్టినంలో, సముద్రపు అలల ఎత్తును గూర్చి అమెరికా నౌకాదళం ఇంటర్నెట్‌లో ఉంచే సూచనలను తీసుకొని, లౌడ్‌స్పీకర్ ద్వారా చదివి వినిపించేవారు. పడవ వేయవచ్చునో లేదో అది విని నిర్ణయించుకునేవారు.

2004 డిసెంబరు 26 ఉదయం మన కాలమానం ప్రకారం సుమారు 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా వద్ద భూకంపం వచ్చినది. సునామీ మన తూర్పు తీరాన్ని చేరడానికి రెండు గంటలకు పైగా పట్టినది. ఆ సమయంలో భూకంపం సంగతి ప్రపంచానికి తెలుసు. తీరాన ఉన్నవారికి తెలియదు. వార్త ఉన్నది, వల లేదు.

పుదుచ్చేరికి దక్షిణాన ఉన్న నల్లవాడు గ్రామంలో మాత్రం వేరుగా జరిగినది. ఆ ఊరికి చెంది సింగపూరులో ఉన్న ఒక యువకుడు వార్తలు విని ఇంటికి ఫోను చేశాడు. ఇంటిలోకి సముద్రపు నీరు వస్తున్నదని ఇంటివారు చెప్పగా, వెంటనే ఊరు ఖాళీ చేయమన్నాడు. గ్రామస్థులు విజ్ఞాన కేంద్రం తలుపులు పగులగొట్టి, లౌడ్‌స్పీకర్ ద్వారా హెచ్చరించారు. ఇళ్ళు, పడవలు పోయినవి. 3,600కు పైగా జనం ఉన్న ఆ ఊరిలో ప్రాణాలు దక్కినవి. వైట్ టౌన్‌ను తీరం వెంబడి ఉన్న రాతికట్ట కాపాడినది. నల్లవాడుకు రాతికట్ట లేదు. ఒక ఫోను, ఒక లౌడ్‌స్పీకర్, వాటిని వాడుకోవడం తెలిసిన మనుషులు ఉన్నారు.

ఆ విపత్తు తరువాత మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో జాతీయ సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడినది. 2007 అక్టోబరు నుండి అది పనిచేస్తున్నది. సముద్రపు అడుగున ఉంచిన పరికరం నీటి ఒత్తిడిలో మార్పును కొలుస్తుంది. రేడియో తరంగం లోతైన నీటిలో పోలేదు గనుక శబ్దతరంగం ద్వారా పైన తేలే బోయాకు చెబుతుంది. బోయా ఉపగ్రహానికి, ఉపగ్రహం హైదరాబాదుకు చెబుతాయి. భూకంప కేంద్రాల సమాచారం కూడా అక్కడికే చేరుతుంది. సముద్రానికి దూరంగా ఉన్న మన నగరం సముద్రానికి కావలి కాస్తున్నది. అయినను ఆ హెచ్చరిక చివరకు ఒక పల్లెలోని లౌడ్‌స్పీకర్ వరకు చేరాలి. ఆ చివరి కన్ను తెగితే ఉపగ్రహం ఉండి ప్రయోజనమేమి?

మనం చేయదగినవి

మన కార్యాలయంలోను, క్వార్టర్లలోను ఈ పాఠాన్ని ఆచరించడం కష్టం కాదు. రాగి కేబుల్ ఒక్కొక్కటి 100 మీటర్లకు మించనీయరాదు. అంతకు మించితే నడుమ స్విచ్ కాని, ఫైబర్ కాని కావాలి. కరెంటు తీగల ప్రక్కన దానిని పొడవునా సాగదీయరాదు. ఫైబర్‌ను మడత పెట్టరాదు. లోపల వెలుగు గాజు అంచుల మీద పరావర్తనం చెందుతూ పోతుంది, మడత పదునైతే వెలుగు బయటకు జారిపోతుంది. ప్రతి తీగకు రెండు కొనలా చీటీ అంటించాలి. స్విచ్‌కు, రూటర్‌కు యు.పి.ఎస్. ఉండాలి. ఇంటిలో వైఫై పెట్టెను ఇనుప బీరువా వెనుక దాచక, ఎత్తుగా ఇంటి నడుమ ఉంచాలి. అన్నిటికంటె ముఖ్యం, ఏడాదికి ఒకసారియైనా ఒక తీగను మనమే ఊడదీసి, ఎవరి పని ఆగుతున్నదో చూడాలి. ప్రమాదం వచ్చి చెప్పేలోగా మనమే తెలుసుకోవడం మేలు.

తిరుగు ప్రయాణానికి ముందు వీరాంపట్టినం తీరానికి వెళ్ళాము. ఇసుకలో కూర్చొని ఒక పెద్దాయన వల బాగుచేస్తున్నాడు. వల అంతా చేతులతో తడుముతూ, తెగిన చోట మాత్రం ఆగి ముడి వేస్తున్నాడు. మా అమ్మాయి చాలాసేపు చూసి, "బాగున్న చోట కూడా తడిమి చూస్తున్నాడే!" అన్నది. "తడమకపోతే ఏది తెగిందో ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాము. సోమవారం విధులలో చేరగానే మా గదిలోని తీగలకు చీటీలు అంటించే పని మొదలుపెట్టాము.